గొడ్డలి కామ, బేస్‌బాల్ బ్యాటు

పిల్లలూ, మీరు చిల్లాకట్టె ఆడే ఉంటారు. కొన్ని ఊళ్ళలో దీన్నే బిళ్ళంగోడు అంటారు. మరికొన్ని చోట్ల గిల్లీదండా అంటారు. పేరు ఏదైతేనేం, ఆటకు కావలసింది చేతిలో ఒక పొడుగు కట్టె, నేలమీద ఒక చిన్న బిళ్ళ. ఆడుతూ ఉండగా పొడుగు కట్టె ఫట్‌మని విరగడం మీకు అనుభవమే. ఒకరి కట్టె ఏడాది ఆడినా విరగదు. ఇంకొకరిది మొదటి రోజే విరుగుతుంది. రెండూ ఒకే చెట్టు కొయ్యలు! అలా ఎందుకు జరుగుతుంది?

ఈ ప్రశ్నకు నాకు జవాబు రెండుసార్లు దొరికింది. మొదటిసారి మా ఊళ్ళో. రెండోసారి భూగోళానికి ఆవలివైపున, ఒక బ్యాట్ల ఫ్యాక్టరీలో.

మా ఊరు దొర్నిపాడు. ఆళ్లగడ్డకు దగ్గరలో ఉన్న మండల కేంద్రం. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. నాకు పదకొండేళ్ళ వయసులో మా నాన్న గొడ్డలి కామ పాతబడిందని, కొత్తది తెమ్మని డబ్బులిచ్చి పంపాడు. కామ అంటే గొడ్డలి పట్టుకొనే కర్ర. నేను కోత మిల్లులో నున్నగా, నిటారుగా ఉన్న తుమ్మ కర్ర ఒకటి ఏరుకొని వచ్చాను. గొడ్డలికి బిగించమని వడ్రంగి తాత దగ్గరకు తీసుకుపోతే, ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది వద్దు అబ్బీ, వేరేది తెచ్చుకోపో" అన్నాడు.

అంత అందమైన కర్రను వద్దంటాడేమిటి! నేను మొండికెత్తాను. ఆయన సణుగుతూనే బిగించి ఇచ్చాడు. మూడోనాడు మా నాన్న చేనిగట్టున మొద్దు చీలుస్తున్నాడు. నేను కాస్త ఎడంగా నిలబడి చూస్తున్నాను. నాలుగో దెబ్బకు కామ రెండయింది. గొడ్డలి తల గాలిలో తిరుగుతూ వచ్చి, నా కాళ్ళకు రెండు బారల దూరంలో నేలలో దిగబడింది. మా నాన్న ఏమీ అనలేదు. నన్ను దగ్గరకు తీసుకొని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

విరిగిన ముక్కలు తీసుకొని మళ్ళీ వడ్రంగి తాత దగ్గరకు పోయాను. ఆ విరుపు అడ్డంగా లేదు. కలం పాళీలాగా ఏటవాలుగా ఉంది. "కొయ్య తప్పు గాదబ్బీ. పోగు ఎటు పోతాందో చూసుకోకుండా రంపం పెట్టినారు" అన్నాడు తాత. తర్వాత ఒక తుమ్మ మొద్దు నిలబెట్టి, దాని తలలో ఇనుప మేకు దిగ్గొట్టాడు. మొద్దు నిలువునా చీలింది. చీలిన చెక్కను బాడిసతో చెక్కి కొత్త కామ చేశాడు. అది వంకరటింకరగా, చూడటానికి ఏమీ బాగాలేదు. కానీ ఆ గొడ్డలి మా ఇంట్లో ముప్పై ఏళ్ళు పనిచేసింది.

వడ్రంగి తాత "పోగు" అన్నది ఏమిటో ఇప్పుడు చూద్దాం. చెట్టు మాను ఒక గట్టి ముద్ద కాదు. చీపురుకట్టలో పుల్లల్లాగా, సన్నని పొడవాటి కణాలు లక్షలకొద్దీ పక్కపక్కన అతుక్కొని ఉంటాయి. వేరునుండి ఆకులదాకా నీటిని మోసుకుపోయే నాళాలు కూడా వీటి వెంబడే, పైకి సాగి ఉంటాయి. ఈ పోగులను పొడవు వెంట పట్టి లాగితే తెగడం చాలా కష్టం. పోగుకూ పోగుకూ మధ్య పట్టి విడదీయడం మాత్రం తేలిక. ఒకే కొయ్యకు పొడవు వెంట ఉన్న బలం, అడ్డంగా ఉన్న బలం కంటే పదిరెట్లకు పైగా ఉంటుంది. అందుకే కట్టెలు చీల్చేవాళ్ళు మొద్దును నిలబెట్టి కొడతారు గాని, పడుకోబెట్టి కొట్టరు.

ఇప్పుడు మీకు గొడ్డలి కామ సంగతి అర్థమై ఉంటుంది. మేకు కొట్టి చీలిస్తే కొయ్య తన పోగు వెంటే చీలుతుంది. రంపానికి ఆ పట్టింపు లేదు. మనిషి గీసిన గీత మీద అది తిన్నగా పోతుంది. చెట్టులో పోగులు ఏటవాలుగా తిరిగి ఉంటే, పైకి నిటారుగా కనిపించే కర్రలోనే పోగులు ఒక పక్కనుండి ఇంకో పక్కకు వాలి, మధ్యలోనే బయటకు వచ్చేస్తాయి. దెబ్బ పడగానే ఆ వాలు వెంట కర్ర జారి విడిపోతుంది.

ఈ సంగతి నేను దాదాపు మరిచిపోయాను. రెండేళ్ళ క్రితం వేసవిలో నేనూ, మా ఇంటామె అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. వాళ్ళుండేది సిన్సినాటి నగరంలో. మా మనవడికి పదేళ్ళు. వాడికి బేస్‌బాల్ పిచ్చి. "తాతా, బ్యాట్లు చేసే చోటు చూద్దువుగాని రా" అని ఒక శనివారం మమ్మల్ని అందరినీ కారెక్కించాడు. రెండు గంటల ప్రయాణం. ఒహాయో నది ఒడ్డున, కెంటకీ రాష్ట్రంలో ఉన్న లూయీవిల్ నగరం చేరాం.

బేస్‌బాల్ గురించి మీకు నాలుగు మాటలు చెప్పాలి. క్రికెట్ బ్యాటు పలకలా ఉంటుంది. బేస్‌బాల్ బ్యాటు రోకలిలా గుండ్రంగా, పిడి దగ్గర సన్నగా, చివర లావుగా ఉంటుంది. బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. విసిరేవాడు నిలబడే చోటు 60 అడుగుల 6 అంగుళాల దూరం. పెద్ద ఆటగాళ్ళు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసురుతారు. అంటే అర సెకను కూడా గడవకముందే బంతి వచ్చేస్తుంది. బ్యాటు బరువు సుమారు 900 గ్రాములు, బంతి బరువు సుమారు 145 గ్రాములు. ఆ రెండూ తాకి ఉండేది సెకనులో వెయ్యోవంతు కాలం మాత్రమే. ఆ కాస్త కాలంలోనే బంతి వచ్చిన దిక్కుకు తిరుగు ముఖం పట్టాలి. బ్యాటు మీద ఎంత బలం పడుతుందో ఊహించుకోండి.

ఫ్యాక్టరీ ముందుకు వెళ్ళగానే మా ఇంటామె తల ఎత్తి ఆగిపోయింది. భవనానికి ఆనించి ఒక బ్యాటు నిలబెట్టి ఉంది. దాని ఎత్తు 120 అడుగులు! "ఇంత రోకలి ఎవరు పడతారబ్బా?" అంది. అది కొయ్య కాదు, ఉక్కుతో చేసి కొయ్య రంగు వేసింది. బరువు 68,000 పౌన్లు, అంటే దాదాపు 31 టన్నులు. 1920లలో బేబ్ రూత్ అనే మహా ఆటగాడు వాడిన 34 అంగుళాల బ్యాటుకు అది నమూనా. ఎన్ని రెట్లు పెంచారో లెక్క కట్టండి.

లోపల మ్యూజియం, ఫ్యాక్టరీ పక్కపక్కనే ఉన్నాయి. ఈ భవనంలోకి వచ్చింది 1996లోనే గాని, సంస్థ కథ చాలా పాతది. జర్మనీనుండి వచ్చిన హిల్లరిచ్ అనే వడ్రంగి 1850లలో ఈ నగరంలో పని మొదలుపెట్టాడు. మంచం కోళ్ళు, మెట్ల కమ్మీలు, వెన్న చిలికే పీపాలు చేసేవాడు. 1884లో ఆయన కొడుకు బడ్, పదిహేడేళ్ళ కుర్రవాడు, ఆట చూడటానికి వెళ్ళాడు. పీట్ బ్రౌనింగ్ అనే ఆటగాడి బ్యాటు విరిగింది. బడ్ అతన్ని తమ దుకాణానికి తీసుకువెళ్ళి, అతను చెప్పినట్టల్లా చెక్కి కొత్త బ్యాటు చేసి ఇచ్చాడట. మర్నాడు బ్రౌనింగ్ దాంతో బ్రహ్మాండంగా ఆడాడట. ఇది సంస్థవారు చెప్పే కథ. మొదటి బ్యాటు గురించి వేరే కథలు కూడా ప్రచారంలో ఉన్నాయి కాబట్టి "అట" అంటున్నాను. తండ్రికి మాత్రం ఈ ఆటవస్తువుల వ్యాపారం బొత్తిగా నచ్చలేదు. వెన్న పీపాలకే గిరాకీ అనుకున్నాడు! "నిజమే గదా, వెన్న లేకుండా ఎట్లా?" అని మా ఇంటామె ఆయన పక్షమే వహించింది.

1894లో ఆ బ్యాట్లకు "లూయీవిల్ స్లగ్గర్" అనే పేరు రిజిస్టరు చేశారు. స్లగ్గర్ అంటే బలంగా బాదేవాడు. 1905లో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడు తన సంతకాన్ని బ్యాటు మీద ముద్రించుకోనిచ్చాడు. 2015లో ఈ పేరును విల్సన్ అనే ఇంకో సంస్థ కొనుక్కుంది. బ్యాట్లను మాత్రం ఇప్పటికీ ఇక్కడే చేస్తున్నారు.

ఇక ఫ్యాక్టరీలోకి పోదాం. తలుపు తెరవగానే పచ్చి పొట్టు వాసన. నాకు మా వడ్రంగి తాత చావడి గుర్తుకొచ్చింది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల అడవులనుండి ఇక్కడికి కొయ్య వస్తుంది. అది దుంగలుగా రాదు, 37 అంగుళాల పొడవున్న గుండ్రటి కడ్డీలుగా చేసి, ఆవంలో ఆరబెట్టి పంపుతారు. తడి ఉన్న కొయ్య బరువు ఎక్కువ, పైగా తర్వాత ఆరేటప్పుడు వంకరపోతుంది.

ఈ కడ్డీని లేతు మిషనుకు బిగిస్తారు. కుమ్మరి సారెమీద బంకమట్టి తిరుగుతుంటే చేత్తో అదిమి కుండ చేస్తాడు కదా! లేతు మీద కొయ్య తిరుగుతుంటే ఉలిని ఆనించి చెక్కుతారు. మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేది ఇలాగే. ఫ్యాక్టరీలో కంప్యూటరుతో నడిచే లేతు ఒక నిమిషం లోపే బ్యాటు చెక్కేస్తోంది. ప్రతి ఆటగాడికీ తన కొలత తనది. ఆ కొలతలన్నీ అందులో దాచి ఉంటాయి. పక్కనే పాత పద్ధతిలో చేత్తో చెక్కడం కూడా చూపించారు. చేతి లేతు మీద ఒక బ్యాటుకు అరగంట దాకా పడుతుంది. నేను ఈ రెండోదాని దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను.

కొయ్యలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి యాష్, రెండోది మేపుల్. వందేళ్ళకు పైగా యాష్‌దే రాజ్యం. యాష్ చెట్టు వసంతంలో పెరిగేటప్పుడు పెద్ద పెద్ద నాళాలను వేస్తుంది, వేసవిలో చిన్నవి వేస్తుంది. అందువల్ల ప్రతి ఏటి వలయమూ స్పష్టంగా గీత గీసినట్టు కనిపిస్తుంది. మన టేకు కూడా ఇలాంటి కొయ్యే. టేకు బల్లమీద చారలు చూడండి, తెలుస్తుంది. ఈ చారలు చూసి పోగు ఎటు పోతోందో కంటితో చెప్పవచ్చు. మేపుల్ అలా కాదు. దాని నాళాలు చిన్నవి, వలయం అంతటా ఒకే తీరుగా పరుచుకొని ఉంటాయి. కొయ్య గట్టిది, నున్ననిది, అందమైనది. పోగు ఎటు వాలిందో మాత్రం కంటికి దొరకదు. నేను కోత మిల్లులో ఏరుకొన్న కర్రలాంటిదే అనుకోండి!

2001లో బ్యారీ బాండ్స్ అనే ఆటగాడు మేపుల్ బ్యాటుతో ఒక్క సీజనులో 73 హోమ్‌రన్‌లు కొట్టాడు. అది రికార్డు. దాంతో చాలామంది మేపుల్‌కు మారారు. కొన్నేళ్ళకే ఒక చిక్కు వచ్చింది. యాష్ బ్యాటు విరిగితే ఎక్కువగా చిట్లి, పొరలు లేస్తుంది. మేపుల్ బ్యాటు విరిగితే రెండు ముక్కలై, లావు ముక్క ఈటెలాగా ఎగిరిపోతుంది. 2008లో అలా ఎగిరిన ముక్క తగిలి ఒక శిక్షకుడి చెంప చీలింది. ఆట చూడవచ్చిన ఒక స్త్రీకి దవడ ఎముక విరిగింది.

అప్పుడు విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఉన్న ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలను సంప్రదించారు. అక్కడి శాస్త్రజ్ఞులు ఆ ఏడాది విరిగిన బ్యాట్లను రెండు వేలకు పైగా పోగుచేయించి, ఒక్కొక్కటీ పరీక్షించారు. ఏం తేలిందో మీరు చెప్పగలరా? ముక్కలైన బ్యాట్లలో ముఖ్యమైన లోపం పోగుల వాలు! "ఎటు పోతాందో చూసుకోకుండా" అన్న మా తాత మాట నాకు అక్కడ, ఆ గోడమీది బొమ్మ ముందు, మళ్ళీ వినిపించింది.

కంటికి కనబడని వాలును కనిపెట్టేది ఎలా? వాళ్ళు చూపిన ఉపాయం ఎంత సులువైనదో చూడండి. బ్యాటు పిడి మీద ఒక చిన్న సిరాచుక్క వేస్తారు. సిరా నాళాలలోకి పీల్చుకోబడి, పోగు వెంటే సన్నని గీతలాగా పాకుతుంది. ఆ గీత బ్యాటు పొడవుకు ఎంత వాలి ఉందో కొలుస్తారు. 3 డిగ్రీలు దాటితే పెద్ద ఆటలకు ఆ బ్యాటు పనికిరాదు. 3 డిగ్రీలంటే సుమారు 19 అంగుళాల పొడవునకు ఒక అంగుళం పక్కకు జరగడం. 2009నుండి మేపుల్ బ్యాట్లకు ఈ సిరాచుక్క తప్పనిసరి అయింది. దీంతోపాటు బంతిని తాకించే వైపును కూడా పావు చుట్టు తిప్పారు. యాష్‌కు వలయాల అంచు వైపు బలం ఎక్కువ, మేపుల్‌కు వలయాల ముఖం వైపు బలం ఎక్కువ. ముద్రను ఎప్పుడూ ఆటగాడు పైకి పెట్టి పట్టుకుంటాడు కనుక, ముద్ర వేసే చోటు మార్చితే సరిపోయింది. ఈ మార్పుల తర్వాత ముక్కలై ఎగిరే బ్యాట్లు సగానికి పైగా తగ్గాయి.

చుక్క పిడి మీదనే ఎందుకు వేస్తారు? బ్యాటు అక్కడే సన్నం, అక్కడే ఎక్కువగా వంగుతుంది. బంతి తగిలినప్పుడు బ్యాటు వంగుతుందా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. వంగడమే కాదు, వీణ తీగలాగా కంపిస్తుంది కూడా. క్రికెట్‌లో బంతి తప్పుచోట తగిలినప్పుడు చేతులు జివ్వుమనేది ఆ కంపనాలవల్లనే. కంపనాలకు పోయిన శక్తి అంతా బంతికి దక్కకుండా పోయినట్టే. కానీ బ్యాటు మీద ఒకచోట కొడితే ఈ కంపనం దాదాపు పుట్టదు. బేస్‌బాల్ బ్యాటులో అది లావు చివరనుండి సుమారు ఆరేడు అంగుళాల లోపల ఉంటుంది.

ఆ చోటును మీరే కనుక్కోవచ్చు. ఏ బ్యాటైనా సరే, పిడి చివరను రెండు వేళ్ళతో వదులుగా పట్టుకొని కిందికి వేలాడదీయండి. ఇంకొకరిని చిన్న సుత్తితోగాని గుండ్రాయితోగాని బ్యాటును మెల్లగా తట్టమనండి. కింది కొసనుండి మొదలుపెట్టి అంగుళం అంగుళం పైకి రావాలి. వేళ్ళకు జివ్వు తెలియని చోటు ఒకటి వస్తుంది. చప్పుడు కూడా అక్కడ మారుతుంది. సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. మా మనవడు తన బ్యాటుకు గుర్తు పెట్టుకొని, వారం రోజులు అక్కడే కొట్టాలని తంటాలు పడ్డాడు. అర సెకనులో వచ్చే బంతికి అది అంత సులువు కాదు మరి!

మ్యూజియంలో వాడు నన్ను ఒక గాజుపెట్టె దగ్గరకు లాక్కుపోయాడు. 1927లో బేబ్ రూత్ వాడిన బ్యాటు అందులో ఉంది. దాంతో కొట్టిన ఒక్కో హోమ్‌రన్‌కు ఒక్కో గాటు చొప్పున ముద్ర చుట్టూ 21 గాట్లు పెట్టుకున్నాడట. పాలవాళ్ళు గోడమీద గీతలు గీసుకున్నట్టే ఉంది.

యాష్ కొయ్య గురించి ఒక విచారకరమైన సంగతి కూడా తెలిసింది. తూర్పు ఆసియానుండి సరుకుల పెట్టెల కొయ్యలో వచ్చిందనుకొనే ఒక ఆకుపచ్చని పెంకుపురుగు 2002లో మిషిగన్ రాష్ట్రంలో బయటపడింది. అర అంగుళం పొడవు కూడా ఉండదు. దాని పిల్లపురుగులు బెరడు కింద సొరంగాలు తొలిచి, చెట్టుకు ఆహారం, నీరు అందే దారులను తెంపేస్తాయి. కొద్ది ఏళ్ళలో చెట్టు ఎండిపోతుంది. అమెరికాలో ఇప్పటికే కోట్లకొద్దీ యాష్ చెట్లు చనిపోయాయి. ఆసియాలోని యాష్ చెట్లు ఆ పురుగుతోపాటు తరతరాలుగా పెరిగినవి కనుక కొంత తట్టుకుంటాయి. అమెరికా చెట్లకు అది కొత్త శత్రువు. అందుకే ఇప్పుడు పెద్ద ఆటగాళ్ళ బ్యాట్లలో ఎక్కువ భాగం మేపుల్‌వే. మనకు కొయ్య దొరికినా దొరకకపోయినా ఆట ఆగదు గాని, వందేళ్ళు ఒక చెట్టును నమ్ముకొన్న వడ్రంగులు ఇరవై ఏళ్ళలో ఇంకో చెట్టు గుణాలు నేర్చుకోవలసి వచ్చింది. సిరాచుక్క అవసరం పడింది కూడా అందుకే.

బయటకు వచ్చేటప్పుడు చూడవచ్చిన వాళ్ళందరికీ తలా ఒక చిన్న బ్యాటు ఉచితంగా ఇచ్చారు. మా ఇంటామె తన దాన్ని "పప్పుగుత్తికి పనికొస్తుంది" అని సంచిలో వేసుకుంది.

ఇక మీరు చేయవలసిన పని. వడ్రంగి దగ్గరకు వెళ్ళి నాలుగు రకాల కొయ్య ముక్కలు అడగండి. తుమ్మ, వేప, టేకు, మామిడి ఏవైనా సరే. జానెడు పొడవుంటే చాలు. రంగు, మైనం పూసినవి వద్దు. ఒక్కోదానిమీద పెన్నులోని సిరా చిన్న చుక్క వేసి, అయిదు నిమిషాలు ఆగండి. చుక్క గుండ్రంగా ఉండిపోయిందా, గీతలాగా పాకిందా? పాకితే ఆ గీత వెంట స్కేలు పెట్టి పెన్సిలుతో పొడిగించండి. ముక్క అంచునుండి ఎన్ని అంగుళాలకు ఒక అంగుళం పక్కకు జరిగిందో కొలవండి. చిల్లాకట్టె చెక్కుకొనేముందు ఇలా చేసి చూసి, ఎవరి కట్టె ఎన్ని రోజులు నిలిచిందో కూడా రాసిపెట్టుకోండి.

దొర్నిపాడు తిరిగి వచ్చాక నేనూ ఈ పరీక్ష చేశాను. నాటి విరిగిన గొడ్డలి కామ ముక్కలలో ఒకటి మా నాన్న దూలం సందులో దాచి ఉంచాడు. ఇన్నేళ్ళకు దాన్ని దించి, మాసిన పైపొరను బ్లేడుతో గీకి, నీలిసిరా చుక్క వేశాను. గీత మెల్లగా పాకింది. కొలిచి చూస్తే అయిదు అంగుళాలకు ఒక అంగుళం వాలింది. అంటే 11 డిగ్రీలకు పైనే.